పగటిపెళ్ళి ముస్తాబు

పెళ్ళికూతురి ముస్తాబు మొదలయ్యేది పౌడరుతో కాదు, కళ్ళు మూసుకోవడంతో అనేది పాపాయి. మూసుకోవలసింది పెళ్ళికూతురు కాదు, ముస్తాబు చేసే మనిషి. కళ్ళు మూసుకుని ఆ పిల్ల ముఖాన్ని ఒక్కసారి లోపల చూసుకోవాలి. నుదురు ఎక్కడ ఆగింది, బుగ్గ ఎక్కడ మొదలైంది, నవ్వితే ఏ వైపు పెదవి ముందు కదులుతుంది, ఇవన్నీ ఆ చీకట్లో కనబడ్డాకే డబ్బా మూత తియ్యాలి. అలా చూసుకోకుండా పౌడరు అద్దితే అది గోడకి సున్నం కొట్టినట్టు ఉంటుంది తప్ప ముస్తాబు అనిపించుకోదు.

మలాయి దేశంలో బాగన్ దాతుక్ చుట్టుపక్కల కొబ్బరితోటల్లో ఒకప్పుడు తెలుగువాళ్ళింట పెళ్ళి అనుకుంటే ముందు పంతులుకి కబురు, ఆ వెంటనే పాపాయికి కబురు. పంతులు దొరక్కపోతే పెద్దమనిషి ఎవరో ఒకరు తాళి అందించి కానిచ్చేసేవారు. పాపాయి దొరకలేదంటే మాత్రం ముహూర్తమే వెనక్కి జరిగేది. నల్లపిల్లని తెల్లగా చూపించడం ఆవిడ విద్య కాదు. నల్లపిల్లని నల్లగానే ఉంచి, పందిట్లో తక్కిన తెల్లముఖాలన్నీ పాలిపోయినట్టు కనబడేలా చేసేది. ఆ చేతిలో ఏదో ఉందనేవారు ఆడవాళ్ళు.

ఆ చేతిని, కూతురు దేవకి ఇంకా రెండు జడలు వేసుకునే వయసులో ఉండగానే, పాపాయి ముడిచేసింది.

అవి తిరుగుబాటు అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ తొలి ఏళ్ళు. అడవుల్లో తుపాకులవాళ్ళు, రోడ్ల మీద సోల్జర్లు, మధ్యలో నలిగే తోటలు. పొద్దుగూకితే కర్ఫ్యూ. హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్ళో ఒక పిల్లని పెళ్ళికూతురిని చెయ్యడానికి పాపాయి వెళ్ళింది. ఆ పిల్ల ఒకటే ఏడుపు. కాటుక దిద్దడం, అది కారిపోవడం, మళ్ళీ దిద్దడం, అలా పొద్దు వాలిపోయింది. పాపాయి భర్త రెంగసామి తోట ఆఫీసులో కిరాణీ, అంటే గుమాస్తా. కర్ఫ్యూ వేళకి పెళ్ళాన్ని ఇంటికి చేర్చాలని తోట లారీ ఎక్కి బయలుదేరాడు. దారిలో లారీ మీద కాల్పులు జరిగాయి. పాపాయి అక్కడ ఇంకొకరి కాటుక సరిచేస్తున్న వేళకి రెంగసామి రోడ్డు పక్క కాలవలో పడి ఉన్నాడు.

ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో ఎవరూ తేల్చలేదు. పాపాయి మాత్రం తేల్చుకుంది. ఎవరి పిల్లకో ముస్తాబు కుదరాలని తాను పొద్దు మరిచిపోయింది, అందుకు తన నుదుటి బొట్టు పోయింది. ఇది కీడు చెయ్యి. ఇక ఈ చెయ్యి ఏ పెళ్ళికూతురి ముఖాన్నీ తాకకూడదు. అంతే, పెట్టె మూసి అటక మీద పెట్టేసింది.

ఇప్పుడు దేవకికే పెళ్ళి కుదిరింది.

మెర్దేకా, అంటే స్వతంత్రం, రెండు వారాల్లోకి వచ్చింది. తెల్లదొరల జెండా దిగుతుందట, మన జెండా ఎక్కుతుందట. తెలుక్ ఆన్సన్ టౌనులో దర్జీలు రవికలు పక్కన పడేసి జెండాలు కుడుతున్నారట. దేవకి పెళ్ళిరవిక కూడా అలాగే ఆలస్యమైంది. దేశానికి స్వతంత్రం వస్తోంది గానీ ఆ రోడ్ల మీద తనిఖీ గేట్లు మాత్రం ఇంకా లేవలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? పొద్దుగూకితే కర్ఫ్యూ అలాగే ఉంది. అడవిలోవాళ్ళకి చేరకూడదని ఇంటికింత అని కొలిచిచ్చే బియ్యం అలాగే ఉంది. తోట గేటు దాటాలంటే తలంబ్రాల కోసం కొంగున కట్టుకున్న పిడికెడు బియ్యానికి కూడా జవాబు చెప్పాలి. అందుకే పెళ్ళి పగటిపూట పెట్టుకున్నారు, అదీ పెళ్ళికొడుకు ఊరైన తెలుక్ ఆన్సన్‌లో, గుళ్ళో. బియ్యం అక్కడే దొరుకుతాయి, వంట అక్కడే అవుతుంది. పెళ్ళికొడుకు జయరామ్ బట్టల కొట్లో పనిచేస్తాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే తమిళమే వస్తుంది. నెమ్మదైనవాడు, దేవకికి నచ్చాడు, అంతకన్నా చూడవలసింది ఏముంది?

దేవకి నగలడగలేదు, పట్టుచీర అడగలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్మా, నా ముస్తాబు నువ్వే సెయ్యాల."

"మీ అత్త సేస్తాది," అంది పాపాయి.

"అత్తకి పౌడరుకీ గోదంపిండికీ తేడా తెల్దు."

"నాను నేర్పుతాను."

"నాకు నీ సెయ్యే కావాలమ్మా. ఇంకేటీ వొద్దు."

"నా సెయ్యి నీకు తగలకూడదు తల్లీ. ఇంక అడక్కు."

చిత్రమేమిటంటే అడ్డుచెప్పినవాళ్ళు ఎవరూ లేరు. తోటలో పెద్దవాళ్ళే వచ్చి, "మెర్దేకా వొస్తంది లాహ్, ఇంకా ఈ పట్టింపులేటి? కన్నతల్లివి, నువ్వు సేస్తే తప్పేటి?" అని, మలాయివాళ్ళలా మాట చివర లాహ్ తగిలించి, చెప్పి చూశారు. పక్క తోటలో ఉండే పెద్దాడబిడ్డ అన్నమ్మ అయితే చేతులు పట్టుకుని బతిమాలింది. మేనకోడలి మీద ప్రేమ సగం, తనకి రాని పని నెత్తిన పడుతుందన్న భయం సగం. ఎవరు చెబితే ఏం లాభం, పాపాయి పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కూతురు అందంగా కనబడకపోతే ఒక పూట బాధ. కూతురికి తన గతి పడితే బతుకంతా బాధ. అదీ ఆవిడ భయం, దాని ముందు ఎవరి మాటా నిలబడలేదు.

చివరికి ఒక రాజీ కుదిరింది. పెళ్ళికూతురూ అన్నమ్మా ఒక గదిలో. పాపాయి పక్క గదిలో, మధ్యనున్న పలకల గోడకి వీపు ఆనించుకుని. నోరు పాపాయిది, చేతులు అన్నమ్మవి.

ఆ ఉదయం సముద్రం వైపు నుంచి వచ్చిన మంచు కొబ్బరిచెట్ల మొదళ్ళని మింగేసింది. పైన మట్టలు మాత్రం గాల్లో తేలుతున్నట్టు కనబడుతున్నాయి. పాపాయి నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"వదినా, ముందు కొబ్బరిపాలు. రుద్దకు. అరసేత్తో ఒత్తు. కిందనించి పైకే ఎల్లాల. కిందకి లాగినావంటే మొకం జారిపోతాది."

"ఒత్తతన్నాను లేవే."

"రుద్దతన్నావు. సప్పుడు నాకు ఇనిపిస్తంది."

గోడకి అవతల దేవకి కిసుక్కున నవ్వింది. అన్నమ్మ ఏదో గొణిగింది.

"ఇప్పుడు చిన్నగిన్నెలో బెడాక్ ఉంది సూడు, రాత్రే నానేసినాను. అది పలచగా పుయ్యి. ఆరేదాకా ఇసరు."

బెడాక్ అంటే మలాయి ఆడవాళ్ళు బియ్యాన్ని బాగా నానబెట్టి, వెన్నలా నూరి, చుక్కలు చుక్కలుగా ఎండబెట్టుకునే చల్లపొడి. ముఖం మీద ఎండని నిలవనివ్వదు. పాపాయి దాన్ని తోట గేటు పక్కనున్న మలాయి ముసలమ్మ దగ్గర నేర్చుకుంది. ఆంధ్రా నుంచి ఓడలో వచ్చిన పసుపూ, ఇక్కడి బెడాకూ కలిస్తే గానీ ఈ దేశపు ఉక్కకి ముఖం ఆగదని ఆవిడ కనిపెట్టింది.

ఇంకొకటి కూడా కనిపెట్టింది. పూర్వం పెళ్ళిళ్ళన్నీ రాత్రుళ్ళే, పెట్రోమాక్స్ వెలుగులో. ఆ వెలుగు ముఖంలో రంగంతా తాగేస్తుంది. అందుకని పసుపు దండిగా పట్టించాలి, పౌడరు దండిగా అద్దాలి, కాటుక కోడిగుడ్డంత కళ్ళకి సరిపోయేలా పెట్టాలి. కర్ఫ్యూ వచ్చి పెళ్ళిళ్ళు పగటికి మారినప్పుడు ఆడవాళ్ళు అదే ముస్తాబు చేసి పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టారు. పాపం, ఒక్కొక్కతీ వేషం కట్టిన భాగవతులావిడలా కనబడింది. అప్పుడే పాపాయికి తెలిసింది, పగటిపెళ్ళికి సగం ముస్తాబు ఎండే చేస్తుందని. మనిషి మిగతా సగం దగ్గర ఆగిపోవాలి. ఆ ఆగడం తెలియడమే కష్టం.

"పగటిపెళ్ళి వదినా, గేపకం ఉందా? పసుపు వాసన రావాల గానీ కనపడకూడదు. పౌడరు అద్ది, గుడ్డతో మళ్ళీ సగం తీసెయ్యి."

"అద్దిందాన్ని తియ్యడమేటే! ఇంత పలచగా ఉంటే మగపెళ్ళోళ్ళు పౌడరు కొననేకపోయినారనుకోరా?"

"అనుకోనీ."

"నువ్వు గోడెనక కూకుని అనుకోనీ అంతావు. మాటలు పడేది నాను కదా!"

తరవాత ధప్ ధప్ మని పౌడరు గుడ్డ చప్పుడు. ఆ చప్పుడు ఆగవలసిన చోట ఆగలేదు. పాపాయి నోరు తెరవబోయి మూసేసింది. చేతులు అన్నమ్మవి, చెయ్యనీ.

కళ్ళు మూసుకున్న ఆ చీకట్లోకి దేవకి ముఖం మెల్లగా వచ్చింది. ఒక వయసులో కాదు, అన్ని వయసుల్లోనూ వచ్చింది. ఉయ్యాల్లో పాలకోసం నోరు తెరిచిన ముఖం, జ్వరంలో మసిలిన ముఖం, పళ్ళూడిన నవ్వు, అన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుని చివరికి ఈ పెళ్ళికూతురి ముఖం దగ్గర కుదురుకున్నాయి. నుదురు అచ్చం రెంగసామిది. వెడల్పుగా, ఏ మాటకీ ముడతపడకుండా. ఆ నుదుటికి బొట్టు ఎక్కడ కూర్చుంటుందో పాపాయికి కళ్ళు తెరవకుండానే తెలుసు. కనుబొమల మధ్య కాదు, బియ్యపుగింజంత పైన. ఎడమ కనుబొమ కొంచెం కిందికి వాలి ఉంటుంది, దాని చివర కాటుక ఒక్క గీత ఎత్తి గీస్తే ఆ నిద్రమొహం మెలకువగా కనబడుతుంది. ఆ గీత ఆవిడ గీసేసింది కూడా. వేలి కింద చల్లగా, గరుకుగా తగిలాక చూసుకుంటే తన చెయ్యి పలకల గోడ మీద ఉంది.

"అమ్మా," అంది దేవకి అవతలి నుంచి, "నీ సెయ్యి గోడ మీద ఉందేటి?"

"నేదు," అంది పాపాయి చెయ్యి తీసేసుకుని. "కదలకుండా కూకో."

కూతురు ఒక గోడ అవతల ఉంది, ఆ గోడని తానే కట్టింది.

ఎండ పొడిచే వేళకి కర్ఫ్యూ ఎత్తేశారు. సామానూ చుట్టాలూ నిండిన లారీ ముందు బయలుదేరింది. పెళ్ళివారికి ఎదురు వెళ్ళవలసింది తానే కాబట్టి అన్నమ్మ అందులోనే వెళ్ళిపోయింది. పెళ్ళికూతురికి చిన్నప్పన్ టాక్సీ వచ్చింది. పాపాయి ఆ కారు ఎక్కదలుచుకోలేదు. అందరూ వెళ్ళాక బస్సులో వచ్చి గుళ్ళో ఒక మూల కూర్చుందామనుకుంది. దేవకి మాత్రం కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మ ఎక్కకపోతే నాను ఎక్కను."

"ఏరండక్కా, సీక్రం!" అన్నాడు చిన్నప్పన్, ఎక్కమని సగం తమిళంలో తొందరపెడుతూ. "గేటుకాడ ఎంత సేపు నిలబెడతారో ఏటో. ముగూర్తం దాటిపోతే నా కారుని తిడతారు."

పాపాయి ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. ఒళ్ళో ముస్తాబు పెట్టె ఉంది. అన్నమ్మ దాన్ని వదిలేసి వెళ్ళిపోతే తానే తుడిచి, సర్ది, పట్టుకొచ్చింది. పెళ్ళికి వెళుతూ ఆ పెట్టె లేకుండా గడప దాటడం ఆవిడ కాళ్ళకి అలవాటు లేదు.

వెనక్కి తిరగలేదు గానీ డ్రైవరు అద్దంలో కూతురి ముఖం కనబడింది. అది రాత్రిపెళ్ళి ముఖం. పౌడరు పిండిలా పేరుకుంది, మెడ మాత్రం నల్లగానే ఉంది. కాటుక రెండు కళ్ళకీ రెండు రకాలుగా ఉంది. బొట్టు ఒక పక్కకి ఒరిగింది. పిల్ల ఎక్కడో లోపల ఉండిపోయి, పైన అన్నమ్మ భయం ఒక్కటే కనబడుతోంది.

"బాగున్నానామ్మా?" అంది దేవకి అద్దంలోంచే.

"బాగున్నావు."

"అబద్దం," అంది దేవకి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

దారిపొడుగునా కొబ్బరితోటలు వెనక్కి జారిపోయాయి. కాలవ నీళ్ళ మీద వెలుగు, దాని మీద మంచు, దాన్ని చీల్చుకుంటూ ఎవరిదో ఒక పడవ. నిద్రలో నడిచినట్టుంది ఆ ప్రయాణం. ఇదే దారి మీద రెంగసామి బయలుదేరాడు. పాపాయి ఆ కాలవ వైపు చూడకుండా పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

హుటాన్ మెలింటాంగ్ దాటాక గేటు వచ్చింది. రోడ్డుకి అడ్డంగా కర్ర, పక్కన ఇసుకమూటలు, ముళ్ళతీగ. లారీ అప్పటికే దాటిపోయింది. మలాయి పోలీసాయన ఒకడు, ఆడవాళ్ళని తనిఖీ చేసే శివగామి అనే తమిళావిడ అక్కడ ఉన్నారు. శివగామికి తోటల్లో తిరిగి తిరిగి తెలుగు కూడా పట్టుబడింది. అందరూ గుర్తింపుకార్డులు తీసి ఇచ్చారు.

పోలీసాయన దేవకి కార్డు చూశాడు, దేవకిని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. ఎమర్జెన్సీ మొదట్లో అందరినీ వరసగా నిలబెట్టి తీసిన ఫోటో అది. బక్కచిక్కిన పిల్ల, రెండు జడలు, చేతిలో తినుబండారం లాక్కున్నట్టు ముడిచిన మొహం. కారులో ఉన్నదేమో పిండిబొమ్మ. ఆయన తల అడ్డంగా ఊపి శివగామితో మలాయిలో ఏదో అన్నాడు.

"ఈ ఫోటోలో పిల్ల ఈ పిల్ల కాదంటన్నాడు," అంది శివగామి.

"పెల్లికూతురు లాహ్! సీర సూడు, బాసికం సూడు!" అన్నాడు చిన్నప్పన్.

"అదే కస్టం వొచ్చినాది. పోయిన వారం అడివిలోది ఎవత్తో పెల్లికూతురు యేసం కట్టుకుని గేటు దాటిపోయినాదంట. పైనించి గట్టిగా ఆర్డరు. మొకం కడగమంటన్నాడు. నాను ఏటి సేసేది?"

పోలీసాయన చెడ్డవాడేం కాదు. చెప్పడానికి అతనికే సిగ్గు వేసింది. తానే వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

దేవకి కారు దిగి, బాసికం విప్పి పాపాయి చేతిలో పెట్టి, రోడ్డు పక్క వంగి ముఖం కడుక్కుంది. పౌడరు కరిగింది, కాటుక కారింది, ఒరిగిన బొట్టు ఎర్రగా ఒక్క చారికై పోయింది. అంత తెలుపు లోపలి నుంచి పాపాయి కన్న పిల్ల బయటికి వచ్చింది. నీళ్ళు కారుతూ, రెప్పలు తడిసి, నిద్రలేచిన పసిదానిలా. పోలీసాయన ఇటు తిరిగి చూసి, కార్డు చూసి, గబగబా తల ఊపి ఇచ్చేశాడు.

గేటు లేచింది. ఎండ ముదురుతోంది. అవతల గుళ్ళో అందరూ దారి చూస్తూ ఉండి ఉంటారు. పెళ్ళికూతురు మాత్రం బొట్టయినా లేకుండా రోడ్డు మీద నిలబడి ఉంది.

పాపాయి కారు దిగి నాలుగు వైపులా చూసింది. ఎక్కడా ఇల్లు లేదు, దారిన పోయే ఆడది లేదు. చివరికి వెళ్ళి శివగామి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నువ్వు పున్నెం కట్టుకో. నాను సెప్తాను, నువ్వు ఈ పిల్లకి దిద్దు. బొట్టయినా పెట్టు."

శివగామి నుదుటి మీద విభూతి ఒక్కటే ఉంది. ఆవిడ దాన్ని చూపించి తల అడ్డంగా ఊపింది. "నానూ నీలాగే అక్కా."

ఇక మిగిలింది ఒకటే దారి. పాపాయి పెట్టె తెచ్చి కారు ముందు భాగం మీద తెరిచింది. చేతి అద్దం ఎత్తి పట్టుకుంది, కూతురికి తగలకుండా చెయ్యి చాచి.

"నాను సెప్తాను, నువ్వే సేసుకో. ముందు తడి అద్దు. తుడవకు, అద్దు. ఆ... ఇప్పుడు పౌడరు, పూవు మీద పుప్పొడంత. మెడకి కూడా. ఇప్పుడు గుడ్డతో సగం తీసెయ్యి."

దేవకి చెప్పింది చెప్పినట్టు చేసింది. నల్లని బుగ్గల మీద ఎండ మెత్తగా కూర్చుంది. చూస్తున్న చిన్నప్పన్‌కి కూడా హారను కొట్టబుద్ధి కాలేదు.

"కాటుక. ఎడంకంటి సివర గీత పైకెత్తు. ఇంకొంచెం. సాలు. ఇప్పుడు కల్యాణం బొట్టు. ఉంగరపేలు కుంకంలో ముంచు."

దేవకి వేలు ముంచింది. నుదుటి దాకా తెచ్చింది. అక్కడ ఆ వేలు ఆగిపోయింది.

"నాను పెట్టుకోనేను."

"ఏటే అది, రోజూ పెట్టుకుంతన్నావు కదా!"

"అగ్గిపుల్లతో పెట్టుకుంతన్నాను. ఏలితో పెట్టుకోడం ఎప్పుడన్నా సూసినావా?"

లేదు, చూడలేదు. ప్రతి ఉదయం ఆ పిల్ల అగ్గిపుల్ల కొనని కుంకుమలో ముంచి చుక్క పెట్టుకోవడం పాపాయి చూస్తూనే ఉంది. టౌను ఆడపిల్లల ఫేషను కాబోలు అనుకుంది.

"ఎందుకే?"

"నాన్న పోయినప్పుడు కర్ఫ్యూ పెట్టీసినారు కదా," అంది దేవకి. "ఇళ్ళ లైను దాటి ఎవుల్నీ రానీనేదు. అత్తని కూడా రానీనేదు. పెద్దోళ్ళు వొచ్చి నీకు సెయ్యాల్సింది ఎవులూ సెయ్యనేదు. నువ్వు గోడకి జేరబడి అలగే ఉండిపోనావు, బొట్టుతోనే. నానమ్మ మంచం మీంచి నెగనేదు కదా. నన్ను పిలిసి, తుడిసీవే అన్నాది. నానే తుడిసినానమ్మా. ఈ ఏలితోనే. నువ్వు కళ్ళు తెరుసుకునే ఉన్నావు గానీ నన్ను సూడనేదు."

పాపాయికి ఆ రోజుది ఏమీ గుర్తులేదు. ఎవరో ముసలావిడ వచ్చి చేసి ఉంటుందనుకుంది. ఎవరని ఇన్నాళ్ళలో ఎన్నడూ అడగలేదు. అడగాలని తోచలేదు.

"నీది కీడు సెయ్యి అంతావు," అంది దేవకి. "మరి నాదేటి? కన్నతల్లి బొట్టు తుడిసిన సెయ్యి ఇది. దీంతో నా బొట్టు నన్ను పెట్టుకోమంతావేటి? నువ్వు పెడితే ఇది పోతాదనుకున్నాను. అందుకే అడిగినాను, అందంగా ఉండాలని కాదు."

పాపాయి ఇన్నాళ్ళూ తన భయం తనొక్కదానిదే అనుకుంది. దాన్ని దాచుకుని, పెట్టెలో పెట్టి, అటకెక్కించి, అదంతా కూతురి కోసమే అనుకుంది. పక్కన అదే చాపమీద పడుకున్న పసిపిల్ల అంతకన్నా పెద్ద భయాన్ని వేలికి చుట్టుకుని తిరుగుతోందని ఒక్కనాడూ చూడలేదు. ముఖాలు చదవడం వచ్చని ఊరంతా మెచ్చుకున్న మనిషికి, ఇంట్లో ఉన్న ముఖం చదవడం రాలేదు. సిగ్గు, ఏడుపు, ప్రేమ అన్నీ కలిసి గుండెలోకి ఒక్కసారే ఎగదన్నాయి.

ఆలోచించలేదు. అద్దం కారు మీద పెట్టేసి, కుంకుమ అంటిన ఆ వేలిని పట్టుకుంది. ముందు దాన్ని తన కళ్ళకి అద్దుకుంది. తరవాత ఆ వేలిని తన వేళ్ళ మధ్య ఇముడ్చుకుని, రెండు చేతులూ ఒక్క చెయ్యిగా, కూతురి నుదుటి మీదికి తీసుకెళ్ళింది. కనుబొమలకి బియ్యపుగింజంత పైన ఆపింది. అద్దింది. గుండ్రంగా తిప్పింది. దేవకి కళ్ళు మూసుకుంది.

నుదురు వెచ్చగా ఉంది. పలకల గోడలా గరుకుగా లేదు. ఆకాశం విరిగి పడలేదు, రోడ్డు మీద ఏ తుపాకీ పేలలేదు. ఎక్కడో కొబ్బరితోటలో పిట్ట ఒకటి కూసింది. పాపాయి ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళి కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుగులోకి తిప్పింది, వందమంది పెళ్ళికూతుళ్ళని తిప్పినట్టే. కుడిచెయ్యి కనుబొమ చివర కాటుకని వెంట్రుకవాసి సరిచేసింది. బుగ్గన చుక్క పెట్టింది. బాసికం కట్టింది. దేవకి కళ్ళ వెంట నీళ్ళు జారబోతే కొంగు మొనతో, తుడవకుండా, అద్ది తీసేసింది.

శివగామి దగ్గరికి వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. "పొండి లాహ్, సీక్రం పొండి! ఆయన ఇటు తిరిగినాడంటే మళ్ళీ ఫోటోలో పిల్ల కాదంతాడు."

చిన్నప్పన్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పాపాయి అద్దం పెట్టెలో సర్ది, మూసి పట్టుకుంది గానీ అటు వెళ్ళలేదు. వెనక తలుపు తీసుకుని కూతురి పక్కన కూర్చుని, మళ్ళీ గడ్డం పట్టుకుని చూసుకుంది. కారు గేటు దాటింది. దేవకికి మెల్లగా పెదవి ఎడమవైపు కదిలింది, తరవాత రెండో వైపు, తరవాత ముఖమంతా.

"నవ్వకే, పౌడరు పగులుతాది," అంది పాపాయి. అంది గానీ, గడ్డం కింద చెయ్యి మాత్రం తియ్యలేదు.